అన్వర్ చేత తెలుగు మాట్లాడించకండి

సంపాదకుల వారికి,

నమస్కారం. పరభాషా చిత్రాలను తెలుగులోకి తేవడం గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాం. ‘బాబెల్’ లాంటి అయిదారు భాషల సినిమాకు పూర్తిగా తెలుగు డబ్బింగ్ చేసేస్తే మన ప్రేక్షకుడికి హాయిగా ఉంటుందని అందులో రాశారు. హాయి సంగతి ఏమోగానీ, ఆ పని చేస్తే అక్కడ సినిమా మిగలదు. ఎందుకు మిగలదో, దాని బదులు ఏం చేయవచ్చో సబ్‌టైటిల్ పనిలో ఉన్నవాళ్లంగా కాస్త వివరంగానే రాస్తున్నాం. జాగా చాలకపోతే కత్తిరించండి, అంకెలూ పేర్లూ మాత్రం మార్చకండి.

2006లో వచ్చిన ఈ సినిమాకు దర్శకుడు అలెహాంద్రో గొంసాలెస్ ఇన్యారితు, రచయిత గియెర్మో అరియాగా. నిడివి 143 నిమిషాలు. ఆ ఏడాది కాన్ ఉత్సవంలో ఉత్తమ దర్శకుడి బహుమతి వచ్చింది. ఆస్కార్‌కు 7 నామినేషన్లు వచ్చి, చివరికి దక్కింది ఒక్కటే, గుస్తావో సాంతావొలాయా సంగీతానికి. కథ మూడు ఖండాల్లో నడుస్తుంది. టోక్యోలో ఉండే ఒక జపనీస్ తండ్రి వేటకని మొరాకో వెళ్లి, తనకు దారి చూపిన హసన్‌కు తన రైఫిల్ కానుకగా ఇస్తాడు. హసన్ దాన్ని అబ్దుల్లాకు 500 దిర్హాములకూ ఒక మేకకూ అమ్ముతాడు. మేకల మీద పడే నక్కలను కొట్టడానికి కొన్న ఆ తుపాకీ ఎంత దూరం పోతుందో చూద్దామని అబ్దుల్లా కొడుకులు కింద రోడ్డు మీద పోతున్న టూరిస్టు బస్సుకు గురిపెడతారు. బస్సులో ఉన్న అమెరికన్ సూసన్‌కు భుజం దగ్గర తూటా తగులుతుంది. అమెరికాలో ఆమె పిల్లలను చూసుకునే అమేలియా, కొడుకు పెళ్లి మానుకోలేక, ఆ ఇద్దరినీ వెంటబెట్టుకుని సరిహద్దు దాటి మెక్సికో వెళుతుంది. టోక్యోలో ఆ తండ్రికి చియెకో అనే కూతురుంది. ఆమెకు వినపడదు, మాట్లాడలేదు. తెర మీద ఇంగ్లీషు, స్పానిష్, అరబిక్, బెర్బర్, జపనీస్ భాషలూ, వాటితోపాటు జపనీస్ సంజ్ఞాభాషా నడుస్తాయి.

వ్యాసం చెప్పినట్టు వీటన్నిటినీ తెలుగు చేసేశామనుకోండి. ముందు దెబ్బ తినేది అన్వర్. అతను ఆ బస్సుకు గైడు. గాయపడిన సూసన్‌ను తన ఊరికి తీసుకెళ్లేది అతనే, ఆమె భర్త రిచర్డ్‌కూ ఆ ఊరివాళ్లకూ మధ్య మాట మోసేదీ అతనే. ఆ ఊళ్లో దొరికిన వైద్యుడు పశువుల డాక్టరు. అతను తన భాషలో ఏదో అంటాడు. అన్వర్ వింటాడు, ఒక క్షణం ఆగుతాడు, ఇంగ్లీషులో రిచర్డ్‌కు చెబుతాడు. డాక్టరు నోరు తెరవడానికీ అన్వర్ నోరు తెరవడానికీ మధ్య రిచర్డ్ ముఖం చూడాలి. భార్య బతుకుతుందో లేదో ఆ గదిలో అందరికంటే ఆలస్యంగా తెలిసేది ఆ భర్తకే. పైగా అతనికి చేరేది డాక్టరు అన్న మాట కాదు, అందులోంచి అన్వర్ ఏరి ఇచ్చిన మాట.

డబ్బింగ్‌లో ఇదెలా ఉంటుంది? డాక్టరు శుభ్రమైన తెలుగులో ‘కుట్లు వేయాలి’ అంటాడు. పక్కనే నిలబడ్డ రిచర్డ్, అప్పటిదాకా తనూ తెలుగే మాట్లాడుతున్నవాడు, అర్థం కానట్టు అన్వర్ వైపు తిరుగుతాడు. అన్వర్ ‘కుట్లు వేయాలంట’ అంటాడు. హాల్లో నవ్వులు. నవ్వినవాళ్ల తప్పేమీ లేదు.

ఈ చిక్కు డబ్బింగ్ వాళ్లకు తెలియనిది కాదు. తప్పించుకోవడానికి రెండు దారులు తొక్కుతారు. ఒకటి, పరాయివాడికి ఒక వింత యాస తగిలించడం. అరబ్బు పాత్ర కనిపిస్తే చాలు, ‘అరే భాయ్’ అంటూ పాతబస్తీ నుంచి వచ్చినట్టు మాట్లాడిస్తారు. మొరాకో కొండల్లో మేకలు కాచుకునేవాడికీ చార్మినార్‌కూ ఏమిటి సంబంధం? రెండోది, ఇంగ్లీషు మాటలను మాత్రం తెలుగు చేసి మిగతా భాషలను ఉన్నవి ఉన్నట్టు వదలడం. ఇది మొదటిదానికన్నా మేలే. కానీ దీనికి తెలుగు కాని మాటలకు మాత్రమే వచ్చే సబ్‌టైటిళ్లు వేరే ఫైలుగా తయారు చేయాలి. డబ్బింగ్ ట్రాక్ ఎంచుకున్న ప్రేక్షకుడికి అది దానంతటదే తెరమీదికి రావాలి. ఎక్కువసార్లు జారిపోయేది ఈ చిన్న ఫైలే. అది జతపడకపోతే మొరాకో, మెక్సికో, టోక్యో భాగాలు చూసేవాడికి గోడతో మాట్లాడినట్టుంటాయి. వాడు సినిమానే తిట్టుకుని ఛానెల్ మారుస్తాడు.

అందుకని మేం అడిగేది శబ్దాన్ని ముట్టుకోవద్దని. అన్ని భాషలూ వినపడనివ్వండి, అడుగున తెలుగు సబ్‌టైటిళ్లు వేయండి. అవి కూడా ఇంగ్లీషు సబ్‌టైటిళ్ల నుంచి కాకుండా మూలభాషల నుంచి రావాలి. ఇది చాదస్తంగా అనిపించవచ్చు, కొన్ని చోట్లు చూపిస్తే తేలుతుంది.

మామూలుగా మా చేతికి వచ్చేది ఇంగ్లీషు ఫైలు. ఎక్కడ మాట మొదలై ఎక్కడ ముగుస్తుందో టైమింగులు కట్టి ఉంటాయి, ఇంగ్లీషు తీసేసి తెలుగు పెట్టడమే మా పని. ఆ ఇంగ్లీషులో ‘బ్రదర్’ అని ఉంటుంది. తెలుగులో అన్న కావాలి, లేదా తమ్ముడు కావాలి, మామూలు మాటల్లో రెండూ కానిది లేదు. ఈ కథలో అహ్మద్ పెద్దవాడు, యూసెఫ్ చిన్నవాడు. గురి కుదిరేది చిన్నవాడికే, బస్సు మీద పేల్చిందీ వాడే. చివర్లో పోలీసు కాల్పుల్లో అహ్మద్ పడిపోతాడు. యూసెఫ్ తుపాకీని రాతికేసి కొట్టి, చేతులెత్తి, తప్పు తనదని ఒప్పుకుంటూ, తోడబుట్టినవాణ్ని కాపాడమని వేడుకుంటూ కిందికి దిగుతాడు. సినిమా చూడకుండా ఫైలు మాత్రమే ముందు పెట్టుకుని అనువదించే మనిషి (గడువులు అలాగే ఉంటాయి మరి) అక్కడ ‘మా తమ్ముణ్ని కాపాడండి’ అని రాసేస్తాడు. తమ్ముడి కోసం అన్న ప్రాధేయపడటం మామూలు సినిమా సన్నివేశం. అన్న కోసం పసివాడు తుపాకుల ముందుకు నడిచి రావడం వేరు. తేడా ఒక్క మాటే.

అదే చోట వాక్యం విరిచే పద్ధతి కూడా చూడాలి. తెలుగులో క్రియ చివర వస్తుంది. అతను ఒప్పుకునే విషయం రెండు సబ్‌టైటిళ్లకు పంచాల్సి వస్తే ‘నేను ఆ అమెరికా ఆవిడను’ అని ముందు, ‘కాల్చాను’ అని తర్వాత పెడితే మొదటి ముక్క గాలిలో వేలాడుతుంది. ‘ఆవిడను కాల్చింది’ అని ముందు, ‘నేనే’ అని తర్వాత పెడితే ఆ ‘నేనే’ యూసెఫ్ ముఖం మీద పడుతుంది. ఇంగ్లీషు వరస ప్రకారం విరిచిన ఫైలు ఈ రెండో దారి చూపించదు. తెలుగుకు విడిగా టైమింగ్ కట్టుకోవాల్సిందే.

మెక్సికో భాగంలో సాంతియాగో అమేలియాకు ‘నెఫ్యూ’. ఇంగ్లీషుకు ఆ ఒక్క మాట సరిపోతుంది. మనకు అన్నదమ్ముల కొడుకైతే మేనల్లుడు, అక్కచెల్లెళ్ల కొడుకైతే కొడుకు వరసే. అతను ఆమెను అత్తా అనాలా, పిన్నీ అనాలా, పెద్దమ్మా అనాలా? ఊహించి ఒకటి రాసేయడం కంటే పేరు పెట్టి పిలిపించి గట్టెక్కడం నయం. వరస తేలనప్పుడు పేరుతో సరిపెట్టడం ఈ పనిలో పాత చిట్కానే.

నువ్వు, మీరు సంగతి ఇంకా సున్నితం. ఇంగ్లీషులో అందరికీ ఒకటే ‘యూ’. స్పానిష్‌లో మనలాగే రెండున్నాయి, జపనీస్‌లో మర్యాదకు ఇంకా చాలా మెట్లున్నాయి. అంటే ఈ విషయంలో మూలానికి దగ్గరగా ఉన్నది తెలుగే. మధ్యలో ఇంగ్లీషు గుండా పోయినందువల్ల ఉన్నది ఊడ్చిపెట్టి, మళ్లీ మనమే ఊహించి పోస్తున్నాం. సరిహద్దు అధికారి అమేలియాను దేశం విడిచి పొమ్మనే చోట మనవాళ్లు అలవాటుగా ‘నువ్వు’ వేస్తారు, పోలీసు కదా అని. అక్కడ అతను అరవడు, ఆఫీసు భాషలో మాట్లాడతాడు. 16 ఏళ్లుగా ఆ దేశంలో ఉన్నానని ఆమె మొత్తుకుంటుంటే బల్ల అవతల నుంచి నింపాదిగా చెబుతాడు. అక్కడ ‘మీరు’ వేస్తేనే ఆ దెబ్బ తగులుతుంది.

అమేలియా పిల్లలతో స్పానిష్‌లో మాట్లాడుతుంది, పిల్లలు ఇంగ్లీషులో బదులిస్తారు, ఇద్దరికీ ఇబ్బంది లేదు. అమెరికాలో మనవల దగ్గరికి వెళ్లొచ్చిన మన అమ్మమ్మలను అడగండి, ఇది వాళ్లింట్లో రోజూ జరిగేదే. రెండు భాషలూ చెవిన పడితే తెలుగువాడికి ఆ ఇంటి వాతావరణం క్షణంలో తెలిసిపోతుంది. డబ్బింగ్ చేస్తే ఇద్దరూ తెలుగే, ఆమె మామూలు పనిమనిషి అయిపోతుంది.

ఇక యంత్రం వైపు తప్పులు. సబ్‌టైటిల్ రెండు వరుసలు మించకూడదు. తెరమీద 7 సెకన్లు దాటి ఉంచరు, సెకనును 6 పాళ్లు చేస్తే అందులో 5 పాళ్ల కంటే తక్కువ కూడా ఉంచరు. సెకనుకు 24 ఫ్రేముల (బొమ్మల) లెక్కన అది 20 ఫ్రేములు. ఒకదానికీ మరోదానికీ మధ్య కనీసం 2 ఫ్రేములు ఖాళీ వదలాలి, లేకపోతే మాట మారినట్టు కంటికి తెలియదు. ఇవన్నీ ఏ భాషకైనా ఒకటే. తెలుగు దగ్గర తిరగబడేది అక్షరాల లెక్క. మనం ‘స్త్రీ’ని ఒక అక్షరం అంటాం. కంప్యూటర్ దాన్ని 6గా లెక్కపెడుతుంది: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. వరుసకు ఇన్ని అని ఇంగ్లీషు కోసం పెట్టిన హద్దును తెలుగుకూ బిగిస్తే, చదవడానికి సులువుగా ఉన్న వాక్యాన్ని కూడా సాఫ్ట్‌వేర్ ఎర్రగీత పెట్టి వెనక్కి పంపుతుంది. అనువాదకుడు విసిగిపోయి అర్థాన్ని కోస్తాడు. కంటితో చూసే అక్షరాలు వరుసకు 20 దాటకుండా చూసుకుంటే మాకు సరిపోతోంది.

ఒత్తులు కిందికి దిగుతాయి కాబట్టి రెండు వరుసల మధ్య ఎడం ఇంగ్లీషుకు ఇచ్చేదానికన్నా ఎక్కువ కావాలి. ‘రాష్ట్రం’లో ఒకదాని కింద ఒకటి రెండు ఒత్తులున్నాయి, ఎడం చాలకపోతే అవి కింది వరుస గుడుల్లోకి గుచ్చుకుంటాయి. ఇంకో తెగులు పేర్ల దగ్గర వస్తుంది. ‘రిచర్డ్‌కు’ అని రాసేటప్పుడు డ పొల్లు తర్వాత కంటికి కనపడని ఒక గుర్తు వేస్తాం, పొల్లు పొల్లుగా నిలబడటానికి. కొన్ని పరికరాలు ఫైలు మార్చేటప్పుడు పనికిరానిదనుకుని ఆ గుర్తును ఊడ్చేస్తాయి. అప్పుడు అది ‘రిచర్డ్కు’ అయి, ర కింద ఒత్తుల గుట్ట పడుతుంది. ఈ సినిమాలో రిచర్డ్, సూసన్, అన్వర్, అహ్మద్, యూసెఫ్, మైక్ అన్నీ పొల్లుతో ముగిసే పేర్లే. కాబట్టి ఫైలు ఇచ్చేసి చేతులు దులుపుకోకుండా, ప్రసారమయ్యే తెర మీదే ఒకసారి మొత్తం చూసి తీరాలి.

వేగం మరో గొడవ. సెకనుకు 25 ఫ్రేముల ప్రతికి కట్టిన టైమింగులను 23.976 ఫ్రేముల ప్రతికి తగిలిస్తే మొదటి కొన్ని సెకన్లు ఎవరూ గమనించరు. సినిమా చివరికొచ్చేసరికి సబ్‌టైటిళ్లు దాదాపు 6 నిమిషాలు ముందు పరిగెడుతుంటాయి. మూడు కథల మధ్య దూకే సినిమాలో ఇది మహా ప్రమాదం. టోక్యో బొమ్మ కింద మొరాకో మాటలు వస్తే, కొత్తగా చూసేవాడు అదేదో దర్శకుడి ప్రయోగం అనుకున్నా అనుకుంటాడు! ఇంకోమాట: మూల ప్రతిలో ఇంగ్లీషేతర సంభాషణలకు ఇంగ్లీషు అక్షరాలు బొమ్మలోనే అచ్చయి ఉంటే, తెలుగు వాటి మీద పడుతుంది. ముందే అడిగి అక్షరాలు లేని ప్రతి తెప్పించుకోవాలి.

చియెకో దగ్గరికి వద్దాం. మా పనికి అసలు పరీక్ష ఆమే. టైమింగు కట్టే పరికరాలు శబ్దం గీతను చూసి మాట ఎక్కడుందో పట్టుకుంటాయి. సంజ్ఞలకు గీత ఉండదు. చెయ్యి లేచిన ఫ్రేము నుంచి చెయ్యి దిగిన ఫ్రేము దాకా కంటితో చూసి కట్టాలి. సంజ్ఞాభాష లోకమంతా ఒక్కటేనని చాలామంది అనుకుంటారు, కాదు. మన దేశపు సంజ్ఞాభాష వేరు, జపాన్‌ది వేరు. కాబట్టి వినికిడి లేని తెలుగు ప్రేక్షకుడికి కూడా ఆమె చేతుల మాటలకు సబ్‌టైటిల్ కావాల్సిందే. ఆ సంజ్ఞల మీద ఆడగొంతు పెట్టి డబ్బింగ్ చెప్పించడం మాత్రం ఘోరం. ఆమెకు గొంతు ఇచ్చేశాక, ఆ అమ్మాయిని చూసి కుర్రాళ్లు ఎందుకు మొహం తిప్పుకుంటున్నారో అర్థమే కాదు.

నైట్‌క్లబ్ సన్నివేశం ఉంది. చెవులు అదిరేలా పాట మోగుతుంటుంది. కెమెరా చియెకో వైపు తిరిగేసరికి శబ్దం మొత్తం తెగిపోతుంది. దీపాలు వెలిగి ఆరుతుంటాయి, జనం ఎగురుతుంటారు, అంతా నిశ్శబ్దం. మళ్లీ పాట, మళ్లీ నిశ్శబ్దం. వినపడేవాడికి ఆమె లోకం తెలిసేది ఆ తెగినచోటే. వినపడని ప్రేక్షకుడికి ఆ తేడా ఎలా తెలుస్తుంది? ‘పాట హోరుగా మోగుతోంది’ అని ఒకటి, ‘శబ్దం పూర్తిగా ఆగింది’ అని ఇంకొకటి రాస్తే తెలుస్తుంది. మన ఫైళ్లలో సంభాషణ లేకపోతే ఖాళీయే. నిశ్శబ్దానికి సబ్‌టైటిల్ రాయడమేమిటని నవ్విన నిర్మాణ పర్యవేక్షకులున్నారు.

ఆ సన్నివేశం గురించే ఇంకో జాగ్రత్త. 2007 ఏప్రిల్‌లో జపాన్‌లో విడుదలైనప్పుడు ఆ మిణుకు దీపాలకు కొందరు ప్రేక్షకులకు ఒంట్లో బాగాలేకుండా పోయింది, థియేటర్లలో హెచ్చరికలు పెట్టాల్సి వచ్చింది. సెకనుకు 3 సార్లకు మించి పెద్ద వెలుగు మిణుకుమంటే మూర్ఛ ధోరణి ఉన్నవాళ్లకు ముప్పు. హెచ్చరిక తెలుగులో, సినిమాకు ముందే రావాలి. ఆ విడుదలలోనే జపనీస్ మాటలకు జపనీస్ ప్రేక్షకుడికి సబ్‌టైటిళ్లు ఎందుకులే అని మొదట వదిలేశారు. వినికిడి లేనివాళ్లు తమ గురించిన కథను తామే చూడలేకపోతున్నామని అడిగాక వాటికీ వేశారు. మన దగ్గర థియేటర్లలో వినికిడి, చూపు లోపాలున్నవారి సదుపాయాల మీద కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ 2024 మార్చిలో మార్గదర్శకాలు ఇచ్చింది. తెలుగు సినిమాకు తెలుగు సబ్‌టైటిల్ ఎందుకనే మాట ఇంకా వినపడుతూనే ఉంది కాబట్టి ఇది గుర్తు చేస్తున్నాం.

రాయకూడనివి కూడా ఉన్నాయి. చియెకో పోలీసు అధికారి చేతిలో ఒక చీటీ పెడుతుంది. అతను చదువుతాడు, మనకు మాత్రం సినిమా చెప్పదు. సాయం చేద్దామన్న ఉత్సాహంతో దాన్ని తెలుగు చేసే ప్రబుద్ధులు ఉంటారు, వద్దు. అలాగే సినిమా మొదట్లో ఒక ఫోన్ కాల్‌ను అమేలియా ఉన్న ఇంటి వైపు నుంచి చూపిస్తారు, చివర్లో అదే కాల్‌ను ఆసుపత్రిలో ఉన్న రిచర్డ్ వైపు నుంచి చూపిస్తారు. రెండు చోట్లా రిచర్డ్ కొడుకు మైక్ మాటలు అక్షరం పొల్లు పోకుండా ఒకేలా ఉండాలి. సినిమాను రీళ్లుగా ఇద్దరికి పంచి ఇస్తే ఇద్దరూ రెండు రకాలుగా రాస్తారు, అప్పుడు ఆ కాల్ పాతదేనని, అమేలియా కష్టాలు దాని తర్వాతే మొదలయ్యాయని ప్రేక్షకుడికి తట్టదు.

మూలభాషల నుంచి చేయడానికి మనుషులెక్కడని అడుగుతారు. హైదరాబాద్‌లోనే ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీలో అరబిక్, స్పానిష్, జపనీస్ చెబుతున్నారు. ఒక్కో భాషకు ఒక మనిషి, మొత్తాన్ని ఒక గొంతులోకి తెచ్చే ఒక తెలుగు రచయిత చాలు. మొరాకో అరబిక్‌కు మాత్రం ఆ మాండలికం తెలిసినవాళ్లు కావాలి. గల్ఫ్‌లో పదేళ్లు పనిచేసి వచ్చిన మనవాళ్లకు కూడా అది ఒక పట్టాన కొరుకుడు పడదు. బెర్బర్ తెలిసినవాళ్లు దొరకకపోతే ఆ కొన్ని మాటలకే ఇంగ్లీషును ఆధారం చేసుకోవచ్చు.

ఇట్లు,
సబ్‌టైటిళ్ల పని చేసే కొందరం,
హైదరాబాద్.

తా.క.: మీ వ్యాసంలో సినిమా పేరు మూడు చోట్ల ‘బేబెల్’ అని అచ్చయింది. తెలుగు బైబిలు ఆదికాండం 11వ అధ్యాయంలో ఆ పట్నం పేరు ‘బాబెలు’. భూజనులందరి భాష తారుమారైన చోటు అదే. తెలుగు చదువరికి ముందునుంచీ తెలిసిన పేరు ఉండగా కొత్తది ఎందుకు?